పన్నెండు బారల తాడు

నేను ఒక ఈటె మొనను. జానెడు పొడవు, వెనక్కి తిరిగిన రెండు ముళ్లు, మెడ దగ్గర తాడు కట్టుకోవడానికి ఒక కన్నం. ఇంతకుమించి నాలో చూడవలసిందేమీ లేదు. కానీ నా మంచి రోజుల్లో ఒకసారి దిగానంటే పడవకు రెండింతలుండే చేప కూడా ఒడ్డుకు రావలసిందే. ఇనుముకు ఇంత గర్వం దేనికని మీరు అనుకోవచ్చు. నేను చేసిన పని మీరు చేసి ఉంటే మీకూ ఉండేది.

నేను పుట్టింది భీమునిపట్నానికి ఉత్తరాన, కొయ్యపాలెం అనే చేపలవాళ్ల ఊళ్లో. ఎప్పటిదో ఒక ఓడ గాలివానకు ఇసుకమేట ఎక్కి విరిగిపోయి అక్కడి ఒడ్డున పడి ఉండేది. దాని మేకుల్లో ఒకదాన్ని సత్తెయ్య అనే కమ్మరి కొలిమిలో పెట్టి, మూడు పూటలు కొట్టి నన్ను చేశాడు. మెడ మీద ఆకురాయితో మూడు నిలువు గీతలు, వాటికి అడ్డంగా ఒక ఏటవాలు గీత పెట్టాడు. అది సూరాడ వాళ్ల ఇంటి గుర్తు. కొయ్యపాలెంలో ప్రతి ఇంటికీ ఇలాంటి గుర్తు ఒకటి ఉండేది. చేప ఎవరిదన్న తగువు వస్తే దాని ఒంట్లో మొదట దిగిన ఇనుము మీది గుర్తు చూసి తేల్చేవాళ్లు. తప్పించుకుపోయిన చేప పదేళ్ల తర్వాత వేరే ఊళ్లో దొరికినా, ఆ గుర్తును బట్టి అసలు ఇంటికి కబురు వచ్చేది. చదువు లేని ఆ ఊళ్లో అందరూ చదవగలిగిన రాత అదొక్కటే.

మావాళ్లు వేటాడేది ఒళ్లంతా తెల్లచుక్కలుండే పెద్ద సొరను. దాని కార్జం మరిగించి తీసిన నూనె పడవలకు పూస్తే చెక్క నీళ్లు తాగదు, తాళ్లకు పట్టిస్తే తాడు చివకదు. ఆ నూనె వాసనకు భీమిలి బజారులో జనం ముక్కులు మూసుకునేవారు, మావాళ్లను "తిమింగలాలోళ్లు" అనేవారు. అది తిమింగలం కాదు, సొరేనని ఒక పంతులుగారు విడమరిచి చెప్పాడట. అయినా పేరు పోలేదు. నిజమైన తిమింగలం కనిపిస్తే మావాళ్లు తెడ్లు పైకెత్తి దండం పెట్టి పక్కకు తప్పుకునేవారు. ఎన్నడూ పట్టనిదాని పేరుతోనే వాళ్లు ప్రసిద్ధికెక్కారు. మనుషుల్లో ఇది మరీ కొత్త సంగతేమీ కాదు.

సూరాడ పోలయ్య నన్ను మొదటిసారి విసిరినప్పుడు అతనికి ఇరవై రెండేళ్లు. పడవ ముందుకొన మీద నిలబడి, రెండు చేతులా ఎత్తి, ఒంటి బరువంతా నా మీద వేశాడు. ఆ చేప మమ్మల్ని తెల్లవారినప్పటి నుంచి పొద్దు వాలేదాకా లాక్కుపోయింది. వెనక చుక్కాని పట్టినవాడు తమ్ముడు ఎర్రయ్య. అన్న ఎటు ఒరిగితే పడవను అటు తిప్పేవాడు. వేటలో ఉన్నంతసేపూ వాళ్లిద్దరికీ మాటల అవసరం ఉండేది కాదు. ఒడ్డుకొచ్చాక మాత్రం ఎర్రయ్య నోరు మూతపడేది కాదు. పోలయ్య అప్పుడు కూడా మాట్లాడడు. ఒకే తల్లికి ఇద్దరు అలా ఎలా పుట్టారోనని ఆడవాళ్లు నవ్వుకునేవారు.

తాడంటే నాకు మొదట్లో చిన్నచూపు. చేపలో దిగేది నేను, నొప్పి పెట్టేది నేను. జనపనారతో పేనిన పన్నెండు బారల తాడు నా మెడకు వేలాడుతూ వచ్చేది, అంతే. బార అంటే తెలుసు కదా, రెండు చేతులూ చాపితే ఒక వేలి కొన నుంచి మరో వేలి కొన దాకా. కానీ ఊరి కట్టుబాట్లన్నీ తాడుకే ఉండేవి, నాకు ఒక్కటీ లేదు. చేప లోపలికి లాగేస్తుంటే ప్రాణం కోసం తాడు కోసుకోవచ్చు, తప్పు కాదు. కానీ ఆ ఇనుము మళ్లీ ఎప్పుడైనా దొరికితే దానికున్న తాడును ఎవరూ కురచ చేయకూడదు, అతకకూడదు. తాడు పొడుగ్గా ఉంటే, ఆ మనిషి చివరి బార దాకా ఓపిక పట్టాడన్నమాట. జానెడే ఉంటే బెదిరిపోయి మొదట్లోనే కోశాడన్నమాట. ఎవరు ఎలాంటివాడో తాడే చెప్పేది.

రెండో కట్టుబాటు ఇంకా కఠినమైనది. తనను తనవాళ్లతో కలిపి ఉంచిన తాడును తన చేత్తో తానే కోసుకుని మునిగినవాడు, గంగమ్మకు తనను తాను ఇచ్చుకున్నట్టు. ఇచ్చినదాన్ని వెనక్కి అడగకూడదు. కాబట్టి అతనికి దీపం పెట్టరు. అతని పేరు పిల్లలకు పెట్టుకోరు. ఏటా కొత్త వేట మొదలయ్యే రోజు తెల్లవారగానే ఆడవాళ్లు సముద్రంలో పోయినవాళ్లను పేరుపేరునా పిలిచి నీళ్లలో దీపాలు వదులుతారు. ఆ పిలుపులో అతని పేరు ఉండదు. ఒక్క తరం గడిచేసరికి అలాంటి మనిషి పుట్టనే లేదన్నట్టు అయిపోతాడు. మీకు ఇది అన్యాయంగా తోచవచ్చు. నాకూ అలాగే తోచింది. కానీ నన్నెవరూ అడగలేదు.

1942 ఏప్రిల్ నెలలో సముద్రం మీద ఓడలు కాలడం కొయ్యపాలెం ఒడ్డు నుంచి కనిపించింది. విశాఖపట్నం మీద బాంబులు పడ్డాయని కబురొచ్చింది. ఒడ్డుకు చమురు తెట్టు కొట్టుకొచ్చింది, దాని వెనకే శవాలు వచ్చాయి. జపానువాళ్లు రేపో మాపో ఇక్కడే దిగుతారని ఒకడంటే, దిగనే దిగారని ఇంకొకడు అన్నాడు. పట్నంలో ఉన్నవాళ్లు సముద్రానికి దూరంగా బళ్ల మీద, కాళ్ల మీద పారిపోయారు. కొయ్యపాలెం వాళ్లు సముద్రం మీదికే పారిపోయారు. వాళ్లకు తెలిసిన దారి అదొక్కటే.

పదకొండు పడవలు ఉత్తరంగా బయలుదేరాయి. ఆ నెలలో గాలి అటే వీస్తుంది. ఎర్రయ్య పడవకు తెరచాప లేదు, అంతకు వారం ముందే చినిగిపోయింది. అందుకని అన్నదమ్ములు రెండు పడవలను నా తాడుతో కలిపి కట్టారు. పోలయ్య తన పడవ వెనకకొనలోని అడ్డకొయ్య కింద నన్ను అడ్డంగా బిగించాడు. తాడు రెండో కొసను ఎర్రయ్య తన పడవ ముందుకొనకు ముడివేసుకున్నాడు. తెరచాప ఉన్న పడవలో మనుషులు ఎక్కారు: పోలయ్య, అతని భార్య, వాళ్ల పిల్లలిద్దరు, ఎర్రయ్య కూతురు అసిరి. అసిరికి ఏడేళ్లు. తల్లి ఆ పిల్లను కన్నప్పుడే పోయింది. వెనక పడవలో వలలు, కుండలు, బియ్యపు మూటలు, వాటి మధ్య తెడ్డు పట్టుకుని ఎర్రయ్య ఒక్కడూ ఉన్నాడు.

"సామాను పోతే పోనీరా. ఇటొచ్చీ," అన్నాడు పోలయ్య.

"పడవ నేకపోతే రేపొద్దున ఏటి తిని బతుకుతాం అన్నియ్యా? నాకేటి కాదు. అసిరి గుంటని సూసుకో," అన్నాడు ఎర్రయ్య. దారి పొడుగునా వెనక నుంచి కూతురికి ఏవో కబుర్లు అరిచి చెబుతూనే ఉన్నాడు. గాలికి సగం వినబడేవి కావు. అయినా ఆ పిల్ల నవ్వేది.

మూడో రోజు తెల్లవారేసరికి తాగే నీళ్లు అయిపోయాయి. మిగతా పడవలు బారువ దగ్గర ఏరు సముద్రంలో కలిసే మొగలోకి దూరి ఒడ్డు పట్టాయి. మేము చివరన ఉన్నాం. కెరటాలు విరిగే చోటికి వచ్చేసరికి వెనక పడవ పక్కకు తిరిగింది. బరువు మీద ఉన్న పడవ, అది తిరిగినప్పుడల్లా ముందు పడవను కూడా అడ్డంగా లాగుతోంది. ఇంకో రెండు కెరటాలు అలాగే వస్తే రెండూ బోర్లాపడతాయి. ఇది పోలయ్యకు తెలుసు. పిల్లల మీద తెరచాప గుడ్డ కప్పి దాని మీద అతని భార్య పడుకుంది. పోలయ్య వెనక్కి వచ్చి మొలలోంచి కత్తి తీశాడు.

కత్తి తాడును తాకింది, నా మెడకు జానెడు దూరంలో. ఒక పోగు తెగింది. కత్తి ఆగింది. మళ్లీ ఆనింది, మళ్లీ ఆగింది. అంతలో తాడు బిగువు పోయింది. నేను అడ్డకొయ్య కింద వదులైపోయాను. పోలయ్య కత్తి వల్ల కాదు. అతని కత్తి ఇంకా గాలిలోనే ఉంది.

పోలయ్య కత్తి పడేసి తాడును రెండు చేతులా లాగాడు. బార తర్వాత బార, పన్నెండు బారలూ వచ్చేశాయి. చివర శుభ్రంగా, ఒక్క వేటుకు తెగి ఉంది. అతను తలెత్తి చూసేసరికి ఎర్రయ్య పడవ అడుగు పైకి తేలి కనిపించింది. ఎర్రయ్య కనిపించలేదు. ముందు పడవ ఒక కెరటం మీద ఎక్కి తిన్నగా ఇసుక మీదికి వెళ్లి పడింది.

అసిరి చూసింది ఒక్కటే. గుడ్డ కింద నుంచి తల బయటపెట్టినప్పుడు ఆ పిల్లకు కనిపించింది పెదనాన్న చేతిలో కత్తి.

ఒడ్డున ఊరి పెద్ద నాగయ్య ముందుగా అడిగింది ఎర్రయ్య ఏడని కాదు. అది అందరికీ అర్థమైంది. "తాడు ఎవులు కోసినారు?" అని అడిగాడు. కట్టుబాటు ప్రకారం అడగవలసిన ప్రశ్న అదే. అప్పటికే పోలయ్య నన్నూ తాడునూ తెరచాపలో చుట్టేశాడు.

"నానే కోసినాను," అన్నాడు.

నాగయ్య ఆ మాట అతని చేత మళ్లీ చెప్పించాడు. తోడబుట్టినవాడి తాడు కోసినవాడు ఇక జన్మలో ఈటె పట్టకూడదు, పడవ ముందుకొన ఎక్కకూడదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. అసిరి అక్కడే నిలబడి వింది. ఆ మాట అన్నందుకు పోలయ్యకు దక్కినవి రెండు: ఆ ఏడు దీపాల రోజున ఎర్రయ్య పేరు పిలిచారు, రెండేళ్లకు పుట్టిన తన కొడుక్కి పోలయ్య తమ్ముడి పేరే, ఎర్రయ్య అని, పెట్టుకోగలిగాడు. నిజం చెప్పి ఉంటే ఈ రెండూ ఉండేవి కావు. సూటిగా వెళ్లడం తప్ప తెలియని ఇనుమును నేను. ఆ అబద్ధం నాకు అర్థం కావడానికి చాలా ఏళ్లు పట్టింది.

మావాళ్లు అక్కడి నుంచి ఊరూరూ ఆగుతూ చివరకు పూరీ ఒడ్డున తెలుగు చేపలవాళ్ల పేటలో స్థిరపడ్డారు. కొయ్యపాలేనికి ఎవరూ తిరిగి వెళ్లలేదు. ఈటె వేట కూడా క్రమంగా పోయింది. పోలయ్య ఒడ్డున కూర్చుని ఇతరుల వలలు బాగుచేసేవాడు. పడవ ముందుకొన మీద నిలబడవలసిన మనిషి మోకాళ్ల మధ్య వల పెట్టుకుని ముళ్లు వేస్తుంటే చూడలేక నేను ఇంటి వాసానికి, గోనెసంచిలో, పొగలో వేలాడాను. తాడు కూడా నాతోనే ఉంది. సొర నూనె తాగిన తాడు, పైగా పొయ్యి పొగ, అందుకే చివకలేదు.

అసిరి ఆ ఇంట్లోనే పెరిగింది. పోలయ్య పెట్టింది తింది, కొన్నది కట్టుకుంది, ఒక్కనాడూ అతనితో మాట్లాడలేదు. చంటి ఎర్రయ్యను ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే, "ముంచేసి పేరెట్టుకున్నాడు," అనేది. పోలయ్య వినీ విననట్టు ఉండేవాడు. పదహారో ఏట విశాఖపట్నం జాలరిపేట వాళ్లబ్బాయితో ఆమెకు పెళ్లయింది. వెళ్లేటప్పుడు పెద్దమ్మ కాళ్లకు దండం పెట్టింది, పెదనాన్న పక్కన ఉన్నా అతని కాళ్లు తాకలేదు. తర్వాత ఇరవై మూడేళ్లకు అతను మంచం పట్టినప్పుడు ఉత్తరం రాయించారు. ఆమె రాలేదు. పోలయ్య కొడుకును దగ్గరికి పిలిచి వాసం వైపు చూపించాడు.

"అది అసిరిది. వచ్చి అడిగితే ఇయ్యి. నువ్వుగా పట్టికెల్లి ఇవ్వకు. తాడు మాత్రం ఎవుల్నీ కొయ్యనివ్వకు," అన్నాడు. అంత పొడుగు మాట అతను అంతకు ముందు ఎన్నడూ మాట్లాడగా నేను వినలేదు.

అడగడానికి మరో యాభై ఏళ్లకు గానీ ఎవరూ రాలేదు. వచ్చింది అసిరమ్మ కూతురి కూతురు ఝాన్సీ. విశాఖలో బడి పంతులమ్మ, సాంఘిక శాస్త్రం చెబుతుంది. యుద్ధం పాఠం చెబుతూ గోడ మీది పటంలో ఓడలు మునిగిన చోట్లు చూపిస్తుంటే, మా ముత్తాత కూడా ఇక్కడే ఎక్కడో పోయాడని నోటి వెంట వచ్చేసిందట. ఎక్కడని పిల్లలు అడిగారు. చెప్పలేకపోయింది. ఇంటికొచ్చి అమ్మమ్మను అడిగితే, "సముద్రంలో. మా పెద్దయ్య ముంచేసినాడు. ఇంక నన్నడక్కు," అందట.

ఝాన్సీ సెలవుల్లో బయలుదేరింది. భీమిలి, కళింగపట్నం, బారువ, గోపాలపురం, ప్రతి ఒడ్డునా ముసలివాళ్ల దగ్గర కూర్చుని బాంబుల ఏడు ఎవరెవరు ఎటు వెళ్లారని అడిగింది. ప్రతిచోటా ఎవరో ఒకరు ఇంకాస్త ఉత్తరంగా చెయ్యి చూపించారు. అలా పూరీ దాకా వచ్చింది. పోలయ్య కొడుకు ఎర్రయ్య అప్పటికి ఎనభైకి దగ్గరపడ్డాడు. నడుం వంగింది. ఎవరి కొడుకువని అడిగితే తండ్రి పేరు చెప్పకుండా తాతపేరు చెప్పడం అతనికి చిన్నప్పటి నుంచీ అలవాటు. తమ్ముణ్ణి ముంచినవాడి కొడుకని పేటలో అంత ఎత్తిపొడిచారు మరి.

"నేను అసిరమ్మ మనవరాల్ని," అంది ఝాన్సీ.

ముసలాయన కుర్చీలోంచి లేచాడు. "అప్ప బతికుందా?" అన్నాడు. అక్కను వాళ్లు అప్ప అంటారు. తర్వాత బల్ల ఎక్కబోతే ఝాన్సీ ఆపి, తనే ఎక్కి నన్ను దించింది. సంచి విప్పి నా మెడ మీది గీతలు చూసి సెల్‌ఫోనులో ఫొటో తీసుకుంది. ఇంత పాత వస్తువు మ్యూజియంలో ఉండాలి, మన వాళ్లు ఇంత దూరం వచ్చారని అందరికీ తెలియాలి అంది. ఎర్రయ్య ఆ మాట వినిపించుకోలేదు. "అప్ప అడిగితే ఇమ్మన్నాడు. అడిగిందో నేదో నానే ఎల్లి తెలుసుకుంటాను," అని చొక్కా తొడుక్కున్నాడు. రైలులో దారి పొడుగునా నన్ను ఒళ్లో పెట్టుకునే కూర్చున్నాడు.

అసిరమ్మకు ఎనభై ఎనిమిదేళ్లు. చూపు బాగా తగ్గింది. అరుగు మీద చాప వేసుకుని కూర్చుని ఉంది. వచ్చింది ఎవరో తెలిశాక కూర్చోమంది గానీ ముఖం తిప్పుకుంది.

"అమ్మమ్మా, మన ఇంటి ఇనుము తెచ్చాం. ఒకసారి పట్టుకుని చూడు," అంది ఝాన్సీ.

"ఆడి ఇనుము నాకెందుకే? అడిగినానా నాను?" అంది అసిరమ్మ.

ఎర్రయ్య లేచి నిలబడ్డాడు. అడగలేదని తేలింది కనుక తీసుకుపోవాలి. తండ్రి మాట అది. కానీ ఝాన్సీ అప్పటికే నన్ను ఆమె ఒళ్లో పెట్టేసింది. ముసలి వేళ్లు నా మెడ మీది గీతలను తడిమాయి. మూడు నిలువు, ఒక ఏటవాలు. ఆ ఇంట్లో పుట్టిన పిల్ల కదా, వేళ్లకు అవి తెలుసు. తర్వాత తాడు తగిలింది. జానెడు దూరంలో ఒక పోగు తెగిన చోట వేలు ఆగింది. అక్కడితో తాడు అయిపోవాలని ఆ వేలు ఎదురుచూసింది. అయిపోలేదు.

"తాడేటి ఇంతుంది?" అంది.

ఝాన్సీకి గానీ ఎర్రయ్యకు గానీ ఆ ప్రశ్న అర్థం కాలేదు. నైలాను తాళ్ల కాలంలో పెరిగినవాళ్లకు పాత కట్టుబాట్లు ఎవరు చెప్పారు? అసిరమ్మ గోడ పట్టుకుని లేచింది. రెండు చేతులూ చాపి తాడును కొలవడం మొదలుపెట్టింది. ఒకటి. రెండు. మూడు. ఒక్కొక్క బారకూ ఆగి ఊపిరి తీసుకుంటోంది. పదమూడు దాటి ఇంకా కొంచెం వచ్చింది. "మా అయ్య బార పెద్దది. నావి పొట్టి సేతులు," అని తనలో తాను అనుకుంది. చివర చేతికి తగిలింది. శుభ్రంగా, ఒక్క వేటుకు తెగిన చివర. దాన్ని చెంపకు ఆనించుకుని అలాగే కూలబడింది.

"ఏమైంది అమ్మమ్మా?"

"ఇనుము మా పెద్దయ్య పడవలో ఉంది. ఆయన కోసుంటే దీనికి జానెడే మిగలాల. మిగతాదంతా మా అయ్యతో పోవాల. ఇదంతా ఇక్కడే ఉంది. ఆ కొసనించి కోసినారు," అంది. కాసేపటికి, "మా అయ్యే కోసుకున్నాడు. నాను ఈ పడవలో ఉన్నానని కోసుకున్నాడు," అంది.

ఏడిచింది. ఎనభై ఏళ్లుగా పెదనాన్నను తిట్టుకున్న మనిషి, తాడు పట్టుకుని ఏడిచింది. నా మెడ దగ్గరి ఆ ఒక్క పోగు ఎందుకు తెగి ఆగిందో కూడా ఆమెకు అర్థమైంది. దాని మీద మళ్లీ మళ్లీ వేలు రాసింది. ఎర్రయ్య ఆమె పక్కన కింద కూర్చున్నాడు. తండ్రి నేరం చేయలేదన్న సంగతి అతను తెలుసుకున్నది ఆ అరుగు మీదే. అతని ముఖం అప్పుడు ఎలా ఉందో చెప్పడం నా వల్ల కాదు.

ముందుగా తేరుకున్నది ఝాన్సీ. "ఇది అందరికీ చెప్పాలి. మ్యూజియంలో పెట్టి, పక్కనే అంతా రాయిద్దాం. పెద్దతాత మీద పడ్డ నింద పోవాలి కదా."

అసిరమ్మ కళ్లు తుడుచుకుంది. తన తాడు తానే కోసుకున్నవాడికి దీపం లేదని, పేరు లేదని, అందుకే పెదనాన్న నింద నెత్తిన వేసుకున్నాడని మనవరాలికి నెమ్మదిగా చెప్పింది. ఒడ్డున ఇంకా ఆ కట్టుబాటు తెలిసిన ముసలివాళ్లు నలుగురైదుగురు ఉన్నారని, ఈ తాడు ఇలాగే వాళ్ల కంటపడితే రేపటి నుంచి తన తండ్రిని పిలిచేవాళ్లు ఉండరని చెప్పింది.

"కానీ అది నిజం కదా అమ్మమ్మా," అంది ఝాన్సీ.

"నిజం నీకు తెలిసింది, నాకు తెలిసింది, ఈడికి తెలిసింది. గంగమ్మకి ముందునించీ తెలుసు. సాలదేటి?" అంది అసిరమ్మ. అని తమ్ముడి వైపు తిరిగింది. "దీన్ని జానెడుకి కోసేస్తే మా అయ్య పేరు నిలుస్తాది. కానీ పోయేది మీ అయ్య పరువు. ఎంతో కాలానికి ఇప్పుడే వచ్చింది. నువ్వు ఒద్దంటే ఒద్దు. ఇలాగే తీసుకెల్లి ఊరందరికీ సూపించు. నాను మాటాడను."

ఎర్రయ్య తాడును ఒకసారి చేత్తో తడిమాడు. "మా అయ్య పేరు సెప్పుకోడానికి పుట్టినకాణ్నుంచీ సిగ్గుపడినానప్పా," అన్నాడు. లేచి లోపలికి వెళ్లాడు. వంటింట్లో చేపలు కోసే కత్తి తెచ్చి అక్క చేతిలో పెట్టాడు. "మా అయ్య కట్టిన మూట ఇప్పడానికి నానెవుల్ని. కొయ్యి."

తాడు కొయ్యనివ్వొద్దన్న తండ్రి మాట అతనికి గుర్తుంది. కానీ అది అసిరిదని కూడా తండ్రే అన్నాడు. అసిరమ్మ తెగిన పోగు దగ్గరే కత్తి పెట్టింది. పోలయ్య కత్తి ఆగిన చోట ఆమె కత్తి ఆగలేదు.

మర్నాడు కాకపోయినా ఆ వారంలోనే కొత్త వేట మొదలైంది. తెల్లవారగానే పేట ఆడవాళ్లు దీపాలతో ఒడ్డుకు వచ్చారు. అసిరమ్మ మిగతా తాడును నడుముకు చుట్టుకుని వచ్చి, మోకాలి లోతు నీళ్లలో నిలబడి వదిలింది. మునిగినవాడితో పోవలసిన తాడు ఎనభై ఏళ్లు ఆలస్యంగా పోయింది. తండ్రి పేరు పిలిచి ఒక దీపం పెట్టింది. రెండో దీపం వెలిగించి, "సూరాడ పోలయ్య," అంది.

పక్కనున్న ముసలామె ఆపింది. "సముద్రంలో పోయినోళ్లకే కదొలే దీపం. మీ పెద్దయ్య మంచం మీద పోనేదా?"

"ఆ రోజే పోయినాడు, మా అయ్యతోటే. మంచం మీద పోయింది ఒట్టి ఒల్లు," అంది అసిరమ్మ. దీపం వదిలింది. ఎవరూ మళ్లీ అడ్డు చెప్పలేదు.

ఇప్పుడు నేను విశాఖలో ఒక చిన్న మ్యూజియంలో, గాజుపెట్టెలో ఉన్నాను. నా మెడకు జానెడు తాడు ఉంది. పక్కనున్న పలక మీద ఝాన్సీ చేత్తో రాసి ఇచ్చిన మాటలే అచ్చువేశారు. కొయ్యపాలెం చేపవేటగాళ్లు యుద్ధానికి భయపడి ఎటు వెళ్లారో చూపే పటం ఉంది. కింద, బారువ మొగ దగ్గర పిల్లలను కాపాడటానికి సూరాడ పోలయ్య తమ్ముడి పడవ తాడు కోశాడని ఉంది. అది రాయడానికి ఆమె మూడు కాగితాలు చింపేసిందని విన్నాను. చరిత్ర చెప్పే పంతులమ్మకు అది తేలిక పని కాదు.

మొన్న ఎర్రయ్య వచ్చాడు. పూరీ నుంచి ఒక్కడూ రైలెక్కి వచ్చాడట. గాజుపెట్టె ముందు నిలబడ్డాడు. చదువు రాదు కనుక పలకను ఊరికే చూస్తున్నాడు. పక్కనే ఒక పెద్దమనిషి తన భార్యకు దాన్ని పైకి చదివి వినిపించి, "సొంత తమ్ముడి తాడు కోశాడంటే ఎంత రాతిగుండె మనిషో," అన్నాడు.

ఎర్రయ్య వంగిన నడుమును కాస్త నిటారు చేసుకుని ఆయన వైపు తిరిగాడు.

"ఆయన మా అయ్య బావూ," అన్నాడు. "నాను పోలయ్య కొడుకుని."